రెండు వైపులా ప్రసూనే

రెండు మందుల కంపెనీలు విలీనమవుతున్నాయి. రెండూ లాయర్ ప్రసూనలాగే వాదించే యంత్ర నకలునే పెట్టుకున్నాయి. నకళ్లు రెండూ నాలుగు నిమిషాల్లో రాజీకొచ్చాయి. చట్టప్రకారం ఇక ఆ ఒప్పందాన్ని అసలు ప్రసూన చదివి సంతకం పెట్టాలి.

"పెట్టేయ్, పులుసు చల్లారిపోతోంది," అన్నాడు భర్త శేషగిరి, వడ్డిస్తూ.

"చిన్న వాటాదారుల ఓటు తీసేశారండీ. పాపం, వాళ్ల తరఫున మాట్లాడే నకలే లేదు."

ఆమె సంతకం పెట్టలేదు. వాళ్ల తరఫున తానే అభ్యంతరం దాఖలు చేసింది.

"అవతల ఇద్దరూ నువ్వే! ఇంట్లో ఒక్క నీతోనే నెగ్గలేక చస్తున్నాను. ఎలా గెలుస్తావ్?"

ప్రసూన కంచం దగ్గరికి లాక్కుంది.

"నకలు చేయించినప్పుడు పరువు కోసం గెలిచిన కేసులే ఇచ్చానండీ. ఓడిపోయి నేర్చుకున్నదంతా నా దగ్గరే ఉంది."