పొడుగు కర్ర ఏది?

"ఆ కర్రల కథ మాత్రం ఇవాళ చెప్పకు," అంది రోస్వితా, మొగుడి కోటు మీది దుమ్ము దులుపుతూ.

ప్రొఫెసర్ ఎక్కెహార్ట్ నోల్టింగ్ ఉలిక్కిపడ్డాడు. సాంఘిక మనస్తత్వశాస్త్రం చెప్పీ చెప్పీ జుట్టు నెరిసిపోయిన మనిషి. ఇవాళ యూనివర్సిటీలో ఆయన వీడ్కోలు ఉపన్యాసం. ఆ కథ లేకపోతే అది ఉప్పు లేని కూరే.

"చెప్పకపోతే జనం ఊరుకుంటారా? అది వినడానికే కొందరు హాంబర్గ్ నుంచి రైలెక్కారు."

"ఇన్నేళ్లూ చెప్పుకున్నావు, నేనెప్పుడూ వినడానికి రాలేదు. ఇవాళ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి చెప్తావా? నా వల్ల కాదు."

"ఈ వయసులో సిగ్గేమిటే!"

"సిగ్గు కాదు..." అని ఆగిపోయిందామె. గొంతు దాకా వచ్చిన మాట ఒకటుంది. చెబితే ఆయన జీవితమంతా కట్టుకున్న మేడ కూలిపోతుందని భయం. చెప్పకుండా నలుగురి మెప్పూ తీసుకోవాలంటే ప్రాణం చచ్చిపోతోంది.

రాళ్లు పరిచిన ఎత్తు వీధిలో ఇద్దరూ నడిచారు. మలుపు దగ్గర ఆయన నిలబడిపోయాడు. ఒకప్పుడు అక్కడ కాఫీ హోటలుండేది. ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు.

"ఇక్కడే నీకు ప్లమ్ కేకు కొనిపెట్టాను, గుర్తుందా? పైన ఇంత మీగడ!"

"కొన్నావు. సగం పైగా నువ్వే తిన్నావు."

"ఎంత బాగుండేవే ఆ రోజులు!" అన్నాడు. ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

హాలు కిటకిటలాడిపోతోంది. చోటు లేక కుర్రకారంతా మెట్ల మీద కూర్చున్నారు. ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు.

"బల్ల మీద మూడు కర్రలు నిలబెట్టేవాణ్ని. ఏది పొడుగో పసిపిల్లాడైనా చెప్తాడు. కానీ గదిలో ఉన్నవాళ్లంతా నా మనుషులు. పొట్టిదాన్నే పొడుగని చెప్పమని ముందే నేర్పేవాణ్ని. ఏమీ తెలియని మనిషిని ఒక్కరిని చివర కూర్చోబెట్టేవాణ్ని. పాపం, వాళ్లలో చాలామంది తమ కళ్లని నమ్మలేదు, పక్కవాణ్ని నమ్మారు."

నలుగురితో నారాయణా అనేశారన్నమాట. హాల్లో అందరూ నవ్వారు.

"ఒకరోజు వృక్షశాస్త్రం చదివే అమ్మాయి వచ్చింది. అందరూ పొట్టి కర్రనే చూపించారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పక్కనే నిలబడి ఒక్కో కర్రా చూపిస్తూ 'ఇదా? ఇదా?' అని అడిగాను. సరైనదే చెప్పింది. కర్రలు మార్చాను. మళ్లీ సరైనదే..."

"ఆ పిల్ల ఇక్కడే ఉంది!" అని వెనక నుంచి ఓ ముసలి గొంతు అరిచింది. వోల్కర్. ఆ రోజు అబద్ధం చెప్పిన జట్టులో అతనూ ఒకడు. "లేవమ్మా రోస్వితా, మొహం చూపించు!"

లేవక తప్పలేదు. హాలంతా వేలి కణుపులతో టకటకా బల్లలు కొట్టింది. ఆ గోడల మధ్య చదివినవాళ్లు చప్పట్లు కొట్టరు. మాట నచ్చినా, జవాబు సరైనదైనా, చెయ్యి దానంతటదే బల్ల మీదికి పోతుంది. రోస్వితా తల వంచుకుని కూర్చుండిపోయింది.

బయట వరండాలో వైన్ గ్లాసులు పంచుతున్నారు. "మమ్మల్నందరినీ మట్టికరిపించావు కదమ్మా!" అంటూ వోల్కర్ వచ్చాడు. "పొట్టిది పొడుగని అరిచి అరిచి నా గొంతే పోయింది."

"మీరు కాస్త ఊరుకోండి," అని మొగుడి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది రోస్వితా.

"ఎక్కెహార్ట్, ఇంక నా వల్ల కాదు. ఆ రోజు నా కళ్లని నేనూ నమ్మలేదు. ఒట్టు. అందరూ చెప్పిందే చెప్పబోయాను."

ఆయన చేతిలో గ్లాసుతో ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు సరైన కర్ర దగ్గరికి వచ్చేసరికి నీ వేలు బల్ల మీద టక్కుమంది. చాలా మెల్లగా. ఇందాక వీళ్లంతా కొట్టారే, అలాగే. అలవాటు కొద్దీ కొట్టేశావు. పక్కనున్న నాకే వినపడింది. ప్రతిసారీ ఆ చప్పుడు విన్నాకే జవాబు చెప్పాను. నేను ఎవరికీ ఎదురు నిలవలేదు, నీ వెంట వచ్చానంతే. నీ పుస్తకాలన్నీ నా అబద్ధం మీద నిలబడ్డాయి. క్షమించు."

ఆయన గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఏ పుస్తకంలో ఉన్నావే నువ్వు?"

"అన్నిట్లోనూ!"

"చదివావా?"

"ఒక్కటీ సగం దాటలేదు," అంది ముక్కు చీదుకుంటూ. "నిద్రొస్తుంది."

"ఒక్కదాంట్లో కూడా లేవు. నీ జవాబు ఆ సాయంత్రమే తీసి అవతల పడేశాను. నోటితో మురిపెంగా చెప్పుకోవడమే తప్ప, లెక్కలోకి ఎన్నడూ తీసుకోలేదు."

రోస్వితా కన్నీళ్లు ఆగిపోయాయి. "ఎందుకు?"

ఆయన చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అంతమంది కలిసి నిన్ను వెర్రిదాన్ని చేస్తుంటే చూడలేక, నేను కావాలనే కొట్టాను కనక."