వంగిన పెన్నీ

"ఆ బిళ్ళ ఇటిచ్చెయ్ మంగా. కొరియర్ వ్యాను కింద ఆగింది" అన్నాడు అప్పాజీ.

"ఇవ్వనండి" అంది అతని భార్య మంగ. పిడికిలి వెనక్కి దాచుకుంది.

పిడికిట్లో ఉన్నది ఏడు వందల ఏళ్ళ నాటి ఇంగ్లండు వెండి పెన్నీ. యంత్రాలు రాకముందు సుత్తితో కొట్టి ముద్ర వేసిన నాణెం. గల్ఫ్‌లోని రువైస్‌లో స్టోర్‌కీపరుగా పనిచేసే అప్పాజీ అలాంటివి ఆన్‌లైన్లో కొని, ఆన్‌లైన్లోనే అమ్ముతాడు. కోవిడ్ రోజుల్లో పెట్టుకున్న దుకాణం అది. ఈ పెన్నీని ఇంగ్లండులో హారిస్ అనే ఆయన కొన్నాడు. పంపడానికి ఈరోజే గడువు. ఇంతకుముందే రెండు పార్సిళ్ళు ఆలస్యమయ్యాయి. ఇదీ తప్పితే సైటువాళ్ళు దుకాణం మూసేస్తారు.

తప్పు అతనిదే. నిన్న టీ తాగుతూ ఆ పెన్నీ ఎందుకు వంగిందో మంగకు చెప్పాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, రోగి తల మీద నాణేన్ని వంచి, తగ్గాక గుడికి తెచ్చిస్తామని మొక్కుకునేవాళ్ళట.

"అంటే ముడుపే కదండీ. దేవుడి సొమ్ము మీరెలా అమ్ముతారు?"

"మొక్కినావిడ పోయి ఏడు వందల ఏళ్ళయిందే!"

"ఆవిడ పోతే మొక్కు పోద్దా? పొలంలో దొరికిందన్నారు. అంటే గుడికి చేరలేదనేగా. నాకు కామెర్లొచ్చినప్పుడు మా అమ్మ పసుపు గుడ్డలో రూపాయి కట్టి దూలానికి వేలాడదీసింది. నేను లేచి తిరిగాక వాడపల్లి గుడికి నడిచెళ్ళి చెల్లించింది. బస్సాయన ఆపినా ఎక్కలేదు. ఆ రూపాయి ఎవడన్నా కంప్యూటర్లో అమ్మితే ఊరుకునేదా?"

అప్పాజీకి దూలం కనిపించింది. మంగ వాళ్ళింటిది కాదు, రాజోలులో తమ ఇంటిది. దానికీ ఒక పసుపు మూట ఉండేది. ఎవరి కోసం కట్టారో అతను అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

కింద హారన్ మోగింది. "అప్పాజీ భాయ్, యల్లా! అబుదాబీ జానా హై!" త్వరగా రమ్మని డ్రైవరు రమీజ్ కేక.

"దో మినిట్, రమీజ్ భాయ్!"

"ఆప్ కే దో మినిట్ మే మేరా ఆధా దిన్ జాతా హై!" ఈయన రెండు నిమిషాలకి తన సగం రోజు పోతుందని రమీజ్ గోల.

అప్పాజీ నోటికొచ్చింది అనేశాడు. "పిచ్చిదానా, కొన్నాయనెవరనుకున్నావు? అక్కడి గుడి పాస్టరుగారే. గుళ్ళో పెట్టడానికే తీసుకుంటున్నారు."

మంగ అతని మొహంలోకి చూసింది. "నిజంగా?"

"నీ మీద ఒట్టు" అనబోయి ఆగాడు. "నిజమే" అన్నాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ బాబూ!"

వంటింట్లోకి వెళ్ళి పాత జేబురుమాలు చింపింది. పసుపు నీళ్ళలో ముంచి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, పెన్నీని ముడివేసింది. అప్పాజీ ఆ వాసన ఒకసారి పీల్చి, పెన్ను అందుకున్నాడు. కవరు మీద చిరునామా రాశాడు.

మంగ వంగి చూసింది. "హారిస్ అని ఉత్త పేరు రాశారేంటి? అంత పెద్దాయన్ని అలా పిలుస్తామా? ముందు రెవరెండ్ అని పెట్టండి. మన రాజోలు చర్చి బోర్డు మీద అలాగే ఉంటుంది."

పెట్టక తప్పలేదు. కవరు పట్టుకుని మెట్లు దిగాడు.

మరుసటి నెల ఒక శుక్రవారం అప్పాజీకి ఫోను వచ్చింది. ఇంగ్లండు నంబరు. గదిలోకి పోబోయాడు.

"పాస్టరుగారా? నన్నూ విననివ్వండి" అంటూ మంగ స్పీకరు నొక్కింది.

ముసలి గొంతు. నాణెం అందిందని, పసుపు వేళ్ళకు అంటిందని ఇంగ్లీషులో చెప్పింది. అప్పాజీ క్షమాపణ మొదలుపెట్టాడు.

"ఫోను చేసింది అందుకు కాదు" అంది గొంతు. "మా ఊరి చర్చి మూసేశాక నన్నెవరూ రెవరెండ్ అని పిలవలేదు. నేనెవరో మీకు ఎవరు చెప్పారు?"