సర్కారు కంపలో చెప్పు జాడలు

కానిస్టేబుల్ ప్రదీప్ గొంతుక్కూర్చుని, బురదలో పడిన చెప్పు జాడను జానతో కొలిచాడు.

"పది నంబరు. అడుగు గూడ తడబడ్డది. ఫుల్లు తాగి ఉన్నడు," అన్నాడు.

శిల్ప నాలుగేళ్ల శ్రీజను చంకకెత్తుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గట్టు అనే ఆ ఊళ్లో వాళ్ల ఇంటికీ అంగన్‌వాడీకీ మధ్య ఉన్నది ఈ ఒక్క సందే. రెండు పక్కలా సర్కారు కంప మూడు నిలువుల ఎత్తు పెరిగింది. పోయిన వారం శ్రీజ కాళ్ల ముందు నుంచే పాము పాకిపోయింది. అప్పటినుంచి శిల్పకు అన్నం సయించడం లేదు.

ఆమె చెప్పుకోని చోటు లేదు. కంప కరెంటు తీగల మీద వాలింది, లైను ఆపితేనే కొట్టిస్తామన్నారు పంచాయతీవాళ్లు. కంప కొట్టిస్తేనే వచ్చి బల్బు పెడతానన్నాడు లైన్‌మన్ మల్లన్న. పాము మీద కేసు రాయలేమన్నారు స్టేషన్‌లో.

నిన్న మాత్రం, సందులో ఎవరో తాగి పేకాడుతున్నారని శిల్ప చెప్పింది. అల్లర్లు ఆపడానికి మండలంలో కొత్తగా వేసిన ఉమ్మడి బృందం పొద్దున్నే దిగింది. ప్రదీప్, మల్లన్న, పంచాయతీ కార్యదర్శి పద్మజ, వాళ్ల వెనకాల జేసీబీ.

కంపలో మూడు ఖాళీ సీసాలు, నాలుగు పేకముక్కలు దొరికాయి. ప్రదీప్ ఒక సీసా వాసన చూసి మొహం చిట్లించాడు.

"కొబ్బరినూనె వాసనొస్తుంది మేడం. ఏందో కొత్త కల్తీ. మామూలు ముఠా గాదు."

పద్మజ రెండడుగులు వెనక్కి వేసింది.

"మొకం చూసినవా చెల్లె?" అని ప్రదీప్ శిల్పను అడిగాడు.

"లేదన్నా. మా ఇంటాయన పుణె పనికి పోయి ఆర్నెల్లాయె. పిల్లను పెట్టుకొని ఒక్కదాన్నే ఉంట. తలుపు తీస్తనా?"

"జర ధైర్యంగుండు. వాడు దాక్కునే జాగనే లేకుంట చేస్తం."

మల్లన్న ఎవరూ అడగకముందే లైను ఆపాడు. మధ్యాహ్నానికల్లా కంప వేళ్లతో సహా లేచిపోయింది, స్తంభానికి బల్బు ఎక్కింది. ప్రదీప్ శిల్ప ఇంటి గోడకు గస్తీ పుస్తకం తగిలించి, రోజూ వచ్చి సంతకం పెట్టిపోతానన్నాడు. సందు ఆ చివరిదాకా కనిపిస్తోంది. శ్రీజ అమ్మ చంక దిగి, ఒక్కతే అంగన్‌వాడీ దాకా ఉరికి వచ్చింది.

"వాడు మళ్ల వస్తడంటవా?" పద్మజ చుట్టూ చూస్తూ అడిగింది.

"రానే రాడు మేడం," అని శిల్పే ఆమెకు ధైర్యం చెప్పి పంపింది.

తర్వాత ఇంట్లోకి పోయి, మొగుడు వదిలివెళ్లిన చెప్పులకు అంటిన బురద కడిగింది.