నదివైపు మూల

"దారినపోయేవాళ్ళను ఎవరినైనా పిలవండి. ఏ స్తంభాన్ని పరీక్షించాలో వాళ్ళే చూపిస్తారు," అంది డిజైన్ ఇంజనీరు.

ఆమె పద్ధతే అంత. మనకు నచ్చిన స్తంభాన్ని మనమే ఎంచుకుంటే, ప్రశ్నపత్రం తయారుచేసినవాడే పరీక్ష రాసినట్టుంటుందని ఆమె వాదన.

మేస్త్రీకి అదంతా చాదస్తంగా కనిపించేది.

పాత రేవు జనంతో సహా కూలిన చోటే కొత్త రేవు కడుతున్నారు. ఈసారి లెక్కల కింద సంతకం ఆమెది. అందుకే ఆమెకు సరిగా నిద్ర కూడా పట్టడం లేదు.

అక్కడంతా ఇసుక నేల. గొట్టంతో నీళ్ళు చిమ్మి ఇసుకను వదులు చేస్తే స్తంభం సులువుగా దిగుతుంది. కానీ చివర్లో నీళ్ళు ఆపేసి, సుత్తి దెబ్బలతోనే గట్టి నేలలోకి దించాలి. అక్కడ తొందరపడితే అది జావలో నిలబెట్టిన గరిటే.

గట్టు మీద గొడుగుతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, ఏదో ఒక స్తంభం చూపించండి," అని అడిగింది ఆమె.

ఆయన ఆలోచించనైనా లేదు. గొడుగు చాచి నదివైపు మూలను చూపించాడు.

మేస్త్రీ ముఖం మాడిపోయింది.

"అక్కడికి బరువులు చేర్చాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఇంకోటి చూపించండి."

"అదే చూడండి బాబూ."

"ఇంకోటి చెప్పమంటుంటే..."

"అదొక్కటి చూడండమ్మా. మిగతావి మీ ఇష్టం."

మేస్త్రీ ఆమె చెవిలో గొణిగాడు. "ఈ పని దక్కని కంపెనీవాళ్ళు పంపిన మనిషండీ. చూస్తే తెలియడంలా?"

ఆమెకూ అనుమానం వచ్చింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?" గట్టిగానే అడిగింది.

ఆయన గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు.

అయినా మాటంటే మాటే. ఆ మూల స్తంభం మీదే బరువులు పేర్చడం మొదలుపెట్టారు. మోయాల్సిన దాంట్లో సగమైనా ఎక్కకముందే కొలత ముల్లు గిర్రున తిరిగింది. స్తంభం కుంగిపోతోంది.

మేస్త్రీ తల దించుకున్నాడు.

"వాన ముంచుకొస్తోందని... చివరిదాకా నీళ్ళు ఆపలేదమ్మా. ఒట్టు, ఆ ఒక్కదానికే."

పడవ కోసం జనం గుమిగూడేది ఆ మూలనే.

స్తంభాన్ని మళ్ళీ సుత్తితో గట్టి నేలదాకా దించారు. ఇసుక కుదుటపడేదాకా ఆగి, రెట్టింపు బరువు పెట్టారు. ముల్లు నిలబడింది. ఒట్టును నమ్మక, మిగతావన్నీ కూడా పరీక్ష చేయించింది ఆమె. అదంతా అయ్యేసరికి నెల దాటింది.

"మనం నీళ్ళు ఆపకపోవడం ఆయన చూసుంటాడు," అన్నాడు మేస్త్రీ.

"చూస్తే సరిపోతుందా? కచ్చితంగా పెద్ద ఇంజనీరై ఉంటారు," అంది ఆమె. అలాంటి మనిషిని దొంగను నిలదీసినట్టు అడిగినందుకు సిగ్గేసింది.

పడవలవాళ్ళను వాకబు చేసి, రేవు వెనక సందులో ఆ ముసలాయన ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసిన పెద్దావిడ నెమ్మదిగా చెప్పింది. "ఆయన పోయి వారం దాటిందమ్మా."

ఆమె చేతులు జోడించింది.

"క్షమించమని అడుగుదామని వచ్చానండీ. ఆయన ఎక్కడ ఇంజనీరుగా చేసేవారు?"

"ఇంజనీరా? బట్టలు కుట్టేవారమ్మా. ఆయనకు మనుషుల కొలతలు తప్ప ఇంకేం తెలుసు?"

"మరి సరిగ్గా ఆ మూలే ఎందుకు చూపించారు?"

పెద్దావిడ తలుపు పట్టుకుని నిలబడింది.

"పాత రేవు కూలినప్పుడు మా అమ్మాయి ఆ మూలనే నిలబడి, వాళ్ళ నాన్నకు చెయ్యి ఊపుతోందమ్మా."