ఆ ఒక్క సందు తప్ప

"ఆ సందు వద్దత్తయ్యా!" జినెవ్రా సియెనా ఊరి పటం మీద అరచెయ్యి పెట్టేసింది. "మెట్లన్నీ అరిగిపోయాయి. మీ మోకాళ్ళు తట్టుకోలేవు."

"మోకాళ్ళు నావి. చెయ్యి తియ్యి," అంది ఎర్సిలియా.

ఆవిడ లివోర్నోలో కూతురి దగ్గర ఉంటుంది. చలికాలంలో రెండు మోకాళ్ళకీ ఆపరేషన్. ఈలోగా పుట్టి పెరిగిన ఊరంతా ఒక్కసారి నడిచి చూడాలని నిన్ననే దిగింది. కొండ మీద మూడు పాయలుగా పరుచుకున్న ఊరు. రోజుకో పాయ. కోడలూ మనవరాలూ తోడుంటే చాలట. కొడుకు మాత్రం రాకూడదట.

రెండు పాయలకి దారి ఇట్టే కుదిరింది. ఎక్కడ నీడ, ఎక్కడ కాఫీ, ఏ చర్చి మెట్ల మీద కాసేపు కూర్చోవచ్చు, అన్నీ తేలిపోయాయి. మూడోదాని దగ్గరే పేచీ. నక్కపేట ఉన్నది అందులోనే.

"పైనుంచి తిరిగి వెళదాం. కింద రోడ్డు తవ్వేశారు," అంది జినెవ్రా.

"నిన్న నా టాక్సీ ఆ రోడ్డు మీదే వచ్చిందే!"

జినెవ్రా చెవులు వేడెక్కాయి.

అంతలో మొగుడు లాపో లోపలికి వచ్చాడు. మెడలో తన కొంగపేట నీలం కండువా. పేటల మధ్య జరిగే గుర్రప్పందాల్లో కొంగలకీ నక్కలకీ తరతరాల పగ. కుర్చీ లాక్కుని పాస్తా గిన్నె ముందుకు జరుపుకున్నాడు.

"ఏమిటి, అత్తాకోడళ్ళు ఊరిని పంచేసుకుంటున్నారా?"

"అత్తయ్య నక్కపేట మీదుగా నడుస్తారట. నువ్వైనా చెప్పు."

"నక్కపేటా!" లాపో పకపకా నవ్వాడు. "అక్కడ ముక్కు మూసుకుని పరిగెత్తాలి గానీ నడుస్తారా? అమ్మా, పుట్టింటి మీద మమకారం ఇప్పుడు పుట్టుకొచ్చిందేం? పెళ్ళికి ముందు రోజే ఆ పేట కండువా పొయ్యిలో పడేశావని నాన్న ఊరంతా టముకు వేసేవాడుగా!"

"వేస్తే వేశాడు. ముందు తిను."

"ఎల్లుండి ఆదివారం నన్ను కొంగపేటకి పెద్దని చేస్తున్నారు. ఈ సమయంలో నా తల్లి శత్రువుల వీధుల్లో కనబడితే నా పరువేం కాను?" లాపో ఆరేళ్ళ కూతురు బీచెని ఒళ్ళోకి లాక్కున్నాడు. "దీని మెడ చూడమ్మా. అసలైన కొంగపిల్ల! ఏదీ, మన కూత కుయ్యవే బంగారం!"

బీచె కొంగలా కూసింది. జినెవ్రా చూపు తిప్పేసుకుంది.

ఏ పేట ఫౌంటెన్ నీళ్ళు ముందు తల మీద పడితే బిడ్డ చచ్చేదాకా ఆ పేటదే. రెండోసారి ఎక్కడ పోయించినా అది ఉత్త స్నానం. సియెనాలో పసివాళ్ళకి కూడా తెలిసిన సంగతి ఇది.

జినెవ్రాదీ నక్కపేటే. గుర్రప్పందాలప్పుడు పుట్టింటికి వెళ్ళిపోయేది, అవగానే మొగుడి దగ్గరికి వచ్చేసేది. దానికి లాపో ఏనాడూ ఏమీ అనలేదు. అడిగింది ఒక్కటే: "పిల్లలు మాత్రం నావాళ్ళు." ఆమె సరేనంది.

బీచె పుట్టిన నెలలోనే లాపో పనిమీద మిలాన్ వెళ్ళాడు. "నీ తర్వాత ఈ ఇంట్లో కండువా కట్టేదెవరే?" అన్నాడు జినెవ్రా తండ్రి. ఆ ఒక్క మాటకి ఆమె కరిగిపోయింది. తెల్లవారక ముందే బిడ్డని దుప్పట్లో చుట్టి నక్కపేట ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్ళింది. తర్వాత కొంగపేటలో డప్పులతో, జెండాలతో వేడుక జరిగినప్పుడు లాపో సంతోషం పట్టలేక ఏడ్చాడు. పక్కనే నిలబడి జినెవ్రా కూడా ఏడ్చింది. సంతోషంతో కాదు.

"పద కొంగపిల్లా, నిన్ను అందరికీ చూపించాలి," అంటూ లాపో కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని పేట మీటింగుకి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే ఎర్సిలియా పటం పక్కకి నెట్టేసింది.

"ఇప్పుడు చెప్పు. నక్కపేట అంటే ఎందుకలా బిగుసుకుపోతున్నావు? నీ పుట్టిల్లే కదా!"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానికి రోడ్లు తవ్విస్తావా?"

జినెవ్రా ఇంక ఆపుకోలేకపోయింది. అంతా చెప్పేసింది. "ఆదివారం అందరి ముందూ ఆయన ప్రమాణం చేస్తారు. ఇంట్లో నక్కని పెట్టుకుని కొంగలకి పెద్దా అని మర్నాడు ఊరు నవ్వితే? ఆయన తట్టుకోలేరు. రోజూ ఆ మొహం చూస్తూ అన్నం ఎలా వడ్డిస్తున్నానో నాకే తెలియదు."

తిడుతుందనుకుంది. కొడుతుందేమో అని కూడా అనుకుంది. ఎర్సిలియా మొహం పాలిపోయింది.

"నీళ్ళు పోసిందెవరు?"

"చెరుబినో గారు."

"ఇంకా ఉన్నాడా ఆ ముసలాడు? మతి ఉందా?"

"ఉండీ లేనట్టే. ఆ సందులో ఫౌంటెన్ పక్కనే కూర్చుని వచ్చేపోయే వాళ్ళకి పాత సంగతులన్నీ చెబుతుంటారు. బీచెని చూస్తే నోరు జారతారని నా భయం. అందుకే ఆ సందు వద్దన్నాను."

ఎర్సిలియా బల్ల మీద చెయ్యి ఆనించి లేచింది. చేతికర్ర అందుకుంది.

"మూడో రోజుదాకా ఎందుకు? ఇప్పుడే పద. నోరు విప్పొద్దని కాళ్ళు పట్టుకుందాం."

జినెవ్రా కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాది. మీరెందుకత్తయ్యా కాళ్ళు పట్టుకోవడం?"

ఎర్సిలియా గుమ్మం దగ్గర ఆగింది. కోడలి కళ్ళలోకి చూడలేక తల దించుకుంది.

"లాపోకి నీళ్ళు పోసిందీ ఆయనే."