మోకాలి కొలత

టైల్స్ పరిచే మేస్త్రీ చేతికర్ర ఊతంగా కాలు ఈడ్చుకుంటూ డాక్టరుగారి గదిలోంచి నేరుగా ఫిజియోథెరపీ గదికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మత్తిచ్చి మోకాలు వంచే పని ఇక లేదన్నారక్కా. నా కాలు కూడా చూడలేదు. మీరు రాసిన కాగితం చూసి, వంద డిగ్రీలు వంగుతుంటే ఆ యాతన దేనికయ్యా అన్నారు. పైగా ఆపరేషనై మూడు నెలలు దాటాక అలా వంచబోతే ఎముక విరుగుతుందట. నిన్నటితో ఆ గడువు కూడా దాటింది. పీడా పోయింది."

ఫిజియోథెరపిస్టు కోణం కొలిచే బద్ద అందుకుంది. "బల్ల మీద పడుకో తమ్ముడూ."

మడమ పట్టుకుని మెల్లగా వంచింది. మోకాలు సగంలోనే బిగుసుకుంది. అతను పళ్ళు బిగించి నవ్వాడు.

"నాకైతే మొదటి రోజుకీ ఇవాళ్టికీ తేడా తెలియట్లేదు. మా ఆవిడదీ అదే మాట. అక్క లెక్కకంటే నీకెక్కువ తెలుసా అని నోరు మూయించాను. వచ్చే నెల పనిలోకి వస్తానని మాట కూడా ఇచ్చేశాను. మోకాలు మడవలేనివాడు నేల మీద టైలేం వేస్తాడు చెప్పండి?"

ఆవిడ కొలబద్ద ఆనించింది. డెబ్బై డిగ్రీలు.

మొదటి నుంచీ డెబ్బైయే. ఒకనాడు అతని కళ్ళలో నీళ్ళు చూడలేక ఐదు కలిపి రాసింది. తరువాత తగ్గించి రాయడానికి మనసొప్పలేదు. అలా కలుపుతూ కలుపుతూ వంద చేసింది.

"ఎంతొచ్చిందక్కా?"

నిజం చెప్పే ధైర్యమివ్వమని ఆవిడ మనసులోనే దేవుణ్ణి వేడుకుంది.

"నూట ఐదు," అంది.