రాతిలో ఆకు

"ఇది నాది!"

సామ్యేల్ చేతిలోని రాయిని హెలెన్ లాగేసుకుంది. చుట్టి ఉన్న రుమాలు కింద పడింది. "నా పెట్టెలో ఉండాల్సింది నీ దగ్గరికెలా వచ్చింది?" అని ఇంగ్లీషులో అరిచింది.

ముసలాయనకు మాట అర్థం కాలేదు. ముఖం అర్థమైంది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏమంటాంది బిడ్డా?" అని కోడలు రెజీనావైపు చూశాడు.

రెజీనా బడిలో పిల్లలకు రోజూ ఇంగ్లీషు చెప్పే మనిషే. కానీ ఆ మాటను మామ ముఖం మీద తెలుగులో ఎలా చెప్పడం?

హెలెన్, గ్రెగ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చి నెల కూడా కాలేదు. గ్రెగ్ బొగ్గుగనిలో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజనీరు. సెంటినరీ కాలనీలో రెజీనా వాళ్ళ పక్క క్వార్టరే వాళ్ళకిచ్చారు. బొగ్గు దుమ్ము లేవకముందే ఆరేసిన బట్టలు తీసెయ్యాలని, గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరితే బయటికి పరుగెత్తక్కర్లేదని, గోదావరిఖని మార్కెట్లో లేత బీరకాయ ఎలా ఏరుకోవాలో, అన్నీ రెజీనాయే దగ్గరుండి నేర్పింది. అయినా హెలెన్‌కు మనసు కుదుటపడలేదు. "ఇక్కడ నాకు తెలిసింది ఒక్కటీ లేదు" అని పొద్దున ఏడ్చి పెట్టె సర్దేసింది. గ్రెగ్ ఉంటాడు, తను వెళ్ళిపోతుంది. డ్రైవర్ సంపత్ అప్పటికే పెట్టెను కారులో పెట్టేశాడు.

ఇరుగింటి ఆడపిల్లను ఒట్టి చేతులతో ఎలా పంపడమని సామ్యేల్ ఆ రాయి తెచ్చాడు. బూడిదరంగు పలకరాయి. దాని మీద నాలుకలా పొడుగాటి ఆకు అచ్చు. నడుమ ఒక ఈనె, అటూ ఇటూ వల అల్లినట్టు సన్నని ఈనెలు. సొంత మనవలను కూడా ముట్టనివ్వని రాయి అది.

"ఆమె రాయి అంటాంది మామా," అంది రెజీనా చివరికి, తల దించుకుని. "పెట్టెలకెల్లి పోయిందనుకుంటాంది."

"అంటే నేను దొంగతనం చేసిన్నా?"

రెజీనాకు ఒళ్ళు మండింది. హెలెన్ వైపు తిరిగి, "మా మామ ఎవరి గుమ్మమూ పిలవకుండా తొక్కడు. నీకు ఇద్దామని తన ప్రాణంలాంటి వస్తువు తెచ్చాడు," అంది.

"అబద్ధం! మా నాన్న పనిచేసే గనిలోంచి నా కోసం తెచ్చాడు దీన్ని. నేను చిన్నప్పటి నుంచి తలకింద పెట్టుకుని పడుకున్న రాయి. కళ్ళు మూసుకుని కూడా గుర్తుపడతాను." హెలెన్ అబద్ధమాడుతున్నట్టు లేదు. అదే రెజీనాకు అంతుపట్టలేదు.

గోడ మీదుగా ఇరుగుపొరుగు తొంగిచూస్తున్నారు. సామ్యేల్ నెమ్మదిగా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆమెకు చెప్పు బిడ్డా. నేను పనిచేసే రోజుల ఒకనాడు గనిల రూఫ్ పెచ్చు ఊడిపడ్డది. నెత్తిమీది లైటు కొట్టి చూద్దును గదా, పైనంతా ఆకులే. గుట్టలోలె ఆకులు. గింత లోతుల, ఎండ మొఖం ఎరుగని తావుల ఆకులెక్కడియి అని ఒళ్ళు జల్లుమన్నది. దేవుని తోటలకు వచ్చిన్నా ఏందని ఆడనే మోకాళ్ళ మీద కూసున్న. కింద పడ్డ పెచ్చు ఇదొక్కటి తెచ్చుకున్న." ఆగి, కళ్ళు తుడుచుకున్నాడు. "ఇగ ఆమెదే అనుకుంటే తీస్కపొమ్మను. ఎట్లయినా ఆమెకిద్దామనే తెచ్చిన."

రెజీనా ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతుంటే, రాయి మీద హెలెన్ పట్టు సడలుతూ వచ్చింది.

హెలెన్ వెనకే నిలబడ్డ గ్రెగ్ కారు దగ్గరికి నడిచాడు. పెట్టె దించి, వరండాలో తెరిచి, అడుగుదాకా చెయ్యి పెట్టాడు. ఉన్ని స్వెటర్‌లో చుట్టిన మూట ఒకటి తీశాడు. విప్పి, హెలెన్ ముందు నేల మీద పెట్టాడు.

రాయి. అదే బూడిదరంగు. అదే నాలుకలాంటి ఆకు. వలలాంటి అవే ఈనెలు.

హెలెన్ చేతిలోని రాయిని దాని పక్కన దించింది. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని వేలితో తడిమి చూసింది. సామ్యేల్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని వంగాడు.

"ఇంకోటి ఎక్కడిది?"

"వాళ్ళ నాయిన గనిది మామా. ఆస్ట్రేలియాల."

హెలెన్ ముసలాయన రెండు చేతులూ పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. ఏదో అంది. దాన్ని ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. సామ్యేల్ ఆమె తల నిమిరాడు.

గ్రెగ్ గొంతుక్కూర్చుని రెండు రాళ్ళనూ చూస్తూ మెల్లగా ఏదో చెప్పాడు. తప్పు విన్నానేమోనని రెజీనా మళ్ళీ అడిగింది. ఈసారి అతను వరండా మీది దుమ్ములో వేలితో రెండు బొమ్మలు గీసి, చెరిపి, రెండింటినీ కలిపి ఒక్కటిగా గీశాడు. రెజీనా ఎన్నడూ చూడనిదాన్ని చూసినట్టు కాళ్ళ కింది నేలను చూసుకుంది.

"మేడం, రైలుకు టైమైతాంది," అన్నాడు సంపత్.

హెలెన్ తల ఎత్తకుండానే, వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

సామ్యేల్ కోడలి కొంగు లాగాడు. "ఏమన్నడు బిడ్డా? జర నాకు చెప్పరాదు."

రెజీనా మామ పక్కనే కూర్చుంది.

"గీ ఆకులు రాలిననాడు నడుమ సముద్రమే లేదట మామా... వాళ్ళ ఊరు, మన ఊరు ఒక్కటే అడవట!"